శిఖం, కట్ట, మత్తడి: ఇల్లు చూసే ముందు మూడు మాటలు

నార్సింగి, కోకాపేట, గండిపేట వైపు వెళ్తే ప్రతి రెండో హోర్డింగ్ మీద ‘లేక్ వ్యూ’ అని ఉంటుంది. చెరువు కనిపించే ఫ్లాట్‌కి ఒక రేటు, కనిపించనిదానికి ఇంకో రేటు. నేను ఉండేది అశోక్‌నగర్‌లో, నాలా పక్క సందులో, గ్రౌండ్ ఫ్లోర్ రూమ్. నిజానికి నాదీ నీటి పక్క ఇల్లే. పైగా ఆ నాలాలో పారేది హుస్సేన్‌సాగర్ మిగులు నీరే. అయినా మా ఓనర్ ‘నాలా వ్యూ’ అని అద్దె పెంచలేదు, తగ్గించారు. ఒకే చెరువు ముందు నిలబడితే రేటు పెరుగుతుంది, వెనక నిలబడితే తగ్గుతుంది. ఈ తేడా ఎందుకో సివిల్ పుస్తకాల కన్నా మన ఊరి చెరువు మాటలే బాగా చెప్తాయని నాకు అనిపిస్తుంది.

మొదటి మాట శిఖం. చెరువు నిండినప్పుడు మునిగే నేల అది. ఎండాకాలంలో ఎండిపోయి మామూలు పొలంలా కనిపిస్తుంది. రెవెన్యూ రికార్డుల్లో ‘పట్టా శిఖం’ కూడా ఉంటుంది. అంటే పట్టా ఒకరిదే, నీళ్లు లేనప్పుడు సాగు చేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. మన లెక్చరర్లు చెప్పే ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే ఎఫ్‌టీఎల్, దాదాపుగా ఈ శిఖం అంచే. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు దాటిన చెరువులకు ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్ వదలాలి. ‘డాక్యుమెంట్లు క్లియర్’ అంటే భూమి ఎవరిదో తేలిందని మాత్రమే. నీటిది కాదని తేలినట్టు కాదు.

రెండోది కట్ట. హుస్సేన్‌సాగర్ కట్టను 1560లలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. మనం ట్యాంక్‌బండ్ మీద ఐస్‌క్రీమ్ తింటూ ఒకవైపే చూస్తాం. ఓసారి వెనక్కి తిరగండి. రోడ్డు దిగువన లోయర్ ట్యాంక్‌బండ్, ఇందిరాపార్క్, దోమలగూడ, ఆ తర్వాత మా అశోక్‌నగర్. అన్నీ కట్ట కిందివే. కింద కట్ట మైసమ్మ గుడి ఉంది. తెలంగాణలో చాలా చెరువు కట్టల దగ్గర మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా కాపాడమని మొక్కుతారు. వాళ్ల డ్యామ్ సేఫ్టీ అదే అన్నమాట.

అసలు సంగతి మూడో మాటలో ఉంది. మత్తడి. కొందరు అలుగు అంటారు. చెరువు నిండాక ఎక్కువైన నీరు కట్టను కోయకుండా పొర్లిపోవడానికి కట్టిన దారి. ‘మత్తడి దుంకింది’ అంటే ఊళ్లో పండగే, ఈ ఏడు పంట ఖాయమని. అదే మాట సిటీలో వింటే మా సందులో ఫ్రిజ్‌లు ఇటుకల మీదికి ఎక్కుతాయి. హుస్సేన్‌సాగర్ మత్తడి నీళ్లు కవాడిగూడ, అశోక్‌నగర్, నారాయణగూడ, బర్కత్‌పుర వైపుగా, గోల్నాక మీదుగా మూసీలో కలుస్తాయి. మనం ‘మోరీ’ అని ముక్కు మూసుకునేది చెరువుకు ఉన్న ఊపిరి గొట్టం.

చిన్న లెక్క వేద్దాం. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలన్నీ ఈ చెరువులోకే వస్తాయి. పరీవాహకం 200 చదరపు కిలోమీటర్లు, చెరువు వైశాల్యం 4.5 చదరపు కిలోమీటర్లు అనుకోండి. అంత నేల మీంచి ఒక్క సెంటీమీటర్ నీరు జారి వచ్చినా 20 లక్షల ఘనపు మీటర్లు. బయటికి వదలకపోతే చెరువు 44 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర లేస్తుంది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. అందులో సగమే జారిందనుకున్నా చెరువు అయిదు మీటర్లకు పైగా లేవాలి. పైనున్న చిన్న చెరువులు కొంత ఆపుకుంటాయి కాబట్టి ఇది మోటు లెక్కే. కానీ మిగిలినదంతా వెళ్లాల్సిన దారి ఒక్కటేనని తెలియడానికి ఇది చాలు. పైగా పైన పడిన వాన ఇక్కడికి చేరేసరికి టైమ్ పడుతుంది. మా దగ్గర చినుకు ఆగిపోయాక కూడా నాలా లేస్తూనే ఉంటుంది.

మా ఓనర్ ఆంటీ మెట్ల కింద గోడ మీద ఒక గీత చూపించారు. “రెండు వేల సంవత్సరంల నీళ్లు గీడిదాక వచ్చినయ్ బిడ్డా. సున్నం ఏసినా గా గీత మాత్రం చెరపనియ్య.” నా నడుము పైకి ఉంది. ఎఫ్‌టీఎల్ మ్యాప్ కన్నా ఆ గీతనే నేను ఎక్కువ నమ్ముతాను.

నీటి పక్కన ఉండొద్దని కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఊరిని నది నుంచి పారిపొమ్మనలేదు. పైన జలాశయాలు కట్టి నీటిని ఆపండి, ఒడ్డును షికారుకు పనికొచ్చేలా చేయండి అన్నారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అంటే ఈరోజు ‘లేక్ వ్యూ’ అని అమ్ముతున్న గండిపేట, పాతబస్తీ మునగకుండా ఖాళీ ఉంచాల్సిన గిన్నె. దాని అంచులు మట్టితో నింపితే దెబ్బ తగిలేది అక్కడి బాల్కనీకి కాదు, దిగువన చాదర్‌ఘాట్, మూసానగర్‌లకు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల నుంచి వదిలిన నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చాయి. బస్సుకోసం వచ్చినవాళ్లలో ఎవరికీ లేక్ వ్యూ ఫ్లాట్ ఉండి ఉండదు.

గ్రూప్స్ ప్రిపరేషన్‌కి వచ్చేవాళ్లు చిక్కడపల్లి లైబ్రరీకి దగ్గరని మా ఏరియాలో రూమ్ వెతుకుతుంటారు. వాళ్లకి నేను చెప్పేది ఇదే: వైఫై సంగతి తర్వాత, ముందు గడప చూడండి. సందులో అన్ని గడపలూ అడుగు ఎత్తుగా, గుమ్మానికి అడ్డంగా చిన్న సిమెంటు గోడ ఉంటే కారణం అడగండి. ఓనర్ చెప్పకపోతే ఇస్త్రీ బండి అతను చెప్తాడు. ఇక ఇంట్లోవాళ్లు ఔటర్ వైపు ఫ్లాట్ చూస్తున్నారంటే హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్ తెరిచి సర్వే నంబర్ ఎఫ్‌టీఎల్ మ్యాప్‌లో ఎక్కడుందో చూడండి. ‘ప్రిలిమినరీ’ అని ఉంటే హద్దు ఇంకా ఖాయం కాలేదని అర్థం. అప్పుడు ఆ ఊరి పాత రైతు ఒకాయన్ని పట్టుకుని అడగాలి: “తాతా, ఈ చెరువు మత్తడి ఎటు దుంకేది?”