బరువు లెక్క: ముగ్గురు మాజీ సైనికులు, ఒక సమీకరణం

ఈసారి మన పాఠాల శీర్షికలో ఛందస్సు లేదు, అలంకారాలు లేవు. బరువు మోయడం గురించి మాట్లాడుకుందాం. సాహిత్య క్లబ్బులో ఇదేం పాఠం అనకండి. ఒక సమీకరణాన్ని తెలుగు అక్షరాలతో రాసి లెక్క కట్టగలమా అన్నది కూడా సాహిత్యానికి పరీక్షే కదా!

పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ తరాల తరబడి సైన్యంలోకి వెళ్తున్న ఊరది. మా ఊరికి అంత పేరు లేదు గానీ, మా వీధిలో కూడా ముగ్గురు మాజీ సైనికులున్నారు. ఒకరు మా తాతయ్య, మద్రాస్ సాపర్స్‌లో హవల్దారుగా రిటైరయ్యారు. రెండోవారు ఆయన తమ్ముడు, మద్రాస్ రెజిమెంట్ పదాతి సైనికుడు, మాకు చిన్నతాతయ్య. మూడోవారు ఇ.ఎం.ఇ.లో బళ్ళు బాగుచేసిన నాయక్ గారు. ఆయన్ని వీధంతా మెకానిక్ తాత అంటాం. ముగ్గురూ 70కి అటూ ఇటూ ఉన్నవాళ్ళే.

సెలవుల్లో వాళ్ళని నేను అడిగినవి రెండే ప్రశ్నలు. సర్వీసులో చేసిన కసరత్తులో ఇప్పటికీ ఒంటికి మిగిలిందేమిటి? వాడిన వస్తువుల్లో నిజంగా పనికొచ్చినవేవి? ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. అవన్నీ కలిపి చూస్తే వచ్చిందే ఈ పాఠం.

సైన్యం దేన్ని కొలుస్తుంది?

మన సైన్యంలో బ్యాటిల్ ఫిజికల్ ఎఫిషియెన్సీ టెస్ట్ అని ఒకటుంది. పొట్టిగా బి.పి.ఇ.టి. ఆయుధం, సరంజామాతో 5 కిలోమీటర్ల పరుగు, 60 మీటర్ల వేగపు పరుగు, నిలువు తాడు ఎక్కడం, అడ్డంగా కట్టిన తాడు మీద పాకడం, 9 అడుగుల గొయ్యి దూకడం ఇందులో ఉంటాయి. ఛాతీ ఎంత పెరిగింది, చేతి కండ ఎంత లావుంది అని ఈ పరీక్ష అడగదు. నీ బరువునీ నీ సామాన్లనీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చగలవా, చేరాక పనిచేసే ఓపిక మిగులుతుందా అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి గమనించండి. వయసు పెరిగేకొద్దీ ఈ పరీక్షలో ఇచ్చే సమయం కూడా పెరుగుతుంది. అంటే 40 ఏళ్ళవాడు 20 ఏళ్ళవాడిలా పరిగెత్తాలని సైన్యం కూడా అనదు. కానీ పరీక్ష మాత్రం రద్దు కాదు. "కొలత మారుద్ది గానీ కొలవడం ఆగదురా అబ్బాయ్" అన్నారు తాతయ్య. జీవితాంతం ఫిట్‌నెస్ అనే మాటకి ఇంతకంటే సూటి నిర్వచనం నాకు దొరకలేదు.

బెయిలీ వంతెన నేర్పేది

సివిల్ బ్రాంచి మిత్రులకి బెయిలీ వంతెన తెలిసే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన ఉక్కు వంతెన. ముక్కలుగా తెచ్చి, పిన్నులతో కలిపి, క్రేను లేకుండా కట్టేయొచ్చు. అందులో ఒక్కో ప్యానెల్ పొడవు 10 అడుగులు, బరువు దాదాపు 260 కిలోలు. మామూలుగా ఆరుగురు మోస్తారు. భాగిస్తే మనిషికి 43 కిలోల పైమాటే.

ఆరుగురిలో ఎవరు బలవంతుడన్నది అక్కడ లెక్కలోకి రాదని తాతయ్య అంటారు. ఒకడు ముందు లేపినా, ఒకడు ఆలస్యంగా లేపినా బరువు మొత్తం పక్కవాడి నడుం మీద పడుతుంది. అందుకే ముందు పాదాలు సరిచూసుకోవడం, మోకాళ్ళు వంచడం, వీపు నిటారుగా పెట్టడం, మాట వినగానే అందరూ ఒక్కసారి లేవడం. ఇప్పుడు ఇంట్లో గ్యాస్ బండ ఎత్తేటప్పుడు కూడా ఆయన ముందు పాదాలు సర్దుకుంటారు. కసరత్తులో చివరికి మిగిలేది కండ కాదు, ఎత్తే పద్ధతి అని నాకు అక్కడ అర్థమైంది.

ఇక సమీకరణం

అమెరికా సైన్యానికి నేటిక్‌లో పర్యావరణ వైద్య పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిశోధకులు పాండాల్ఫ్, ఆయన సహచరులు 1977లో ఒక సూత్రం ప్రచురించారు. బరువుతో నడిచే మనిషి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతుందో అది అంచనా వేస్తుంది. మన అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

ఖర్చు = 1.5 × శ + 2 × (శ + బ) × (బ ÷ శ)² + నే × (శ + బ) × (1.5 × వే² + 0.35 × వే × వా)

శ అంటే శరీరం బరువు, బ అంటే మోసే బరువు, రెండూ కిలోల్లో. వే అంటే సెకనుకి ఎన్ని మీటర్లు నడుస్తున్నామో ఆ వేగం. వా అంటే ఎక్కే వాలు, శాతంలో. నే అంటే నేల గుణకం: తారు రోడ్డుకి 1, మట్టి రోడ్డుకి 1.1, పొడి ఇసుకకి 2.1. జవాబు వాట్లలో వస్తుంది.

70 కిలోల మనిషి తారు రోడ్డు మీద సెకనుకి 1.4 మీటర్లు, అంటే గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడనుకుందాం. వీపు మీద ఏమీ లేకపోతే 311 వాట్లు. 10 కిలోలు పెడితే 343. 20 కిలోలకి 384. 30 కిలోలకి 436. తేడాలు చూడండి: మొదటి పది కిలోలకి 32 వాట్లు, రెండో పదికి 41, మూడో పదికి 52. పది కిలోలు ప్రతిసారీ పదే, కానీ ధర పెరుగుతూ పోతోంది. దానికి కారణం సూత్రంలోని రెండో భాగంలో ఉన్న వర్గం.

ఇప్పుడు అదే మనిషిని పేరుపాలెం బీచ్‌లో పొడి ఇసుక మీద ఖాళీ చేతులతో నడిపించండి. 537 వాట్లు! తారు రోడ్డు మీద 30 కిలోలు మోసినదానికంటే ఎక్కువ. ఈ లెక్క చూపిస్తే చిన్నతాతయ్య నవ్వి, "దీనికి సూత్రమెందుకురా, కొండ మీద పోస్టుకి నీళ్ళ డబ్బా మోస్తే చాలు" అన్నారు. నిజమే. కానీ ఇందులో మనకి పనికొచ్చే మాటొకటుంది. కసరత్తు కష్టం పెంచడానికి బరువొక్కటే దారి కాదు. నేల మార్చొచ్చు, వాలు మార్చొచ్చు, వేగం మార్చొచ్చు. వాటిలో ఏదీ కొనక్కర్లేదు.

పాదాలే ముందు

వస్తువుల దగ్గరికి వస్తే, ముగ్గురూ పోట్లాడుకోకుండా ఒప్పుకున్నది ఒక్కటే: ముందు పాదాలు. పాదానికి తగిలించిన కిలో, వీపు మీద దాదాపు ఐదు కిలోలతో సమానంగా ఒంటిని అలసిపోయేలా చేస్తుందని సైనిక పరిశోధనలు కూడా తేల్చాయి. అడుగడుగుకీ ఆ కిలోని పైకెత్తి, ముందుకి విసిరి, ఆపాలి కదా. అందుకే బూటు గట్టిదా అని చూసేముందు తేలికైనదా అని చూడాలి.

చిన్నతాతయ్య చెప్పిన పద్ధతులు ఇవి. కొత్త బూటుతో దూరం పోకూడదు, ముందు ఇంటి చుట్టూ నాలుగు రోజులు తిరగాలి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు చేతి బొటనవేలంత ఖాళీ ఉండాలి. మేజోళ్ళు ఎప్పుడూ రెండు జతలుండాలి, ఒకటి కాళ్ళకి, ఒకటి పొడిగా సంచిలో. తడిసిన మేజోడు మార్చడానికి బద్ధకించినవాడు మర్నాడు బొబ్బలతో కుంటుతాడు. వేసుకునేముందు బూటు తిరగేసి దులపాలి, లోపల తేలు ఉండొచ్చు.

మెకానిక్ తాత మూడు ప్రశ్నలు

ఏ వస్తువు కొనాలన్నా మెకానిక్ తాత మూడు ప్రశ్నలు వేస్తారు. ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు? విడిభాగం మన ఊళ్ళో దొరుకుద్దా? చీకట్లో, చేతులు తడిసి ఉన్నప్పుడు కూడా దీంతో పని అవుద్దా?

వీపు సంచినే తీసుకోండి. ఎన్ని అరలున్నాయో ఆయన చూడరు. పట్టీలు సంచికి కలిసే చోట కుట్టు ఎన్ని వరసలుందో చూస్తారు, ఎందుకంటే సంచి చిరిగేది అక్కడే. జిప్పు పళ్ళు లావుగా ఉన్నాయా, పోతే మన దర్జీ మార్చగలడా అని చూస్తారు. నడుము బెల్టు ఉంటే మరీ మంచిది, బరువులో చాలా భాగం భుజాల నుంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. సర్దేటప్పుడు బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలి. బరువు వీపుకి దూరమైనకొద్దీ మనం ముందుకి వంగుతాం. మెకానికల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, అది టార్కే.

కసరత్తు సామానుకీ ఇవే మూడు ప్రశ్నలు. ఈ పరీక్షలో నెగ్గినవి ఆయన పెరట్లో ఉన్నాయి: రెండు స్తంభాల మధ్య బిగించిన ఇనుప గొట్టం, వేపకొమ్మకి కట్టిన తాడు, రెండు పొరల గోనెసంచిలో నింపి కుట్టిన ఇసుక. మన హాస్టల్లో అయితే నీళ్ళ డబ్బా ఉంది. 20 లీటర్ల డబ్బాలో నీళ్ళే 20 కిలోలు. తక్కువ కావాలంటే తక్కువ నింపుకోవచ్చు, లీటరుకో కిలో చొప్పున సర్దుకునే బరువు ఇంతకంటే చవగ్గా ఎక్కడ దొరుకుతుంది? ఒక్క జాగ్రత్త: ఒక వారంలో బరువైనా పెంచండి, దూరమైనా పెంచండి, రెండూ ఒకేసారి వద్దు.

బూగుల్ ఆగిపోయాక

ఇక్కడిదాకా చదివి సైనికుడైతే చాలు, జీవితాంతం గట్టిగా ఉంటాడనుకుంటే పొరపాటు. మన సైన్యంలో 2022కి ముందు చేరిన సిపాయికి 15 ఏళ్ళ సర్వీసుతో పెన్షన్ వస్తుంది. చాలామంది 40 ఏళ్ళలోపే ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత పొద్దున్నే లేపే బూగుల్ ఉండదు, పి.టి. ఉండదు. తిండి మాత్రం పాత కొలతే.

మా ముగ్గురిలో అందరికంటే ఎక్కువ బరువు మోసింది చిన్నతాతయ్య. రిటైరయ్యాక హైదరాబాదులో రాత్రిపూట సెక్యూరిటీ ఉద్యోగం చేశారు, పన్నెండు గంటల డ్యూటీ. నడక పోయింది, నిద్ర పోయింది, షుగర్ వచ్చింది. కొన్నేళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గింది. చెప్పులో దూరిన చిన్న మేకు గుచ్చుకున్న సంగతి ఆయనకి తెలియనే లేదు. పుండు ముదిరి, కుడికాలి చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది.

బొబ్బ కూడా లేకుండా కొండలెక్కిన పాదమది. "సర్వీసులో నొప్పి ఓర్చుకోవడం గొప్ప. ఇంటికొచ్చాక నొప్పి తెలియడమే గొప్ప" అంటారాయన. ఇప్పుడు రోజూ రాత్రి చిన్న అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకుంటారు. బూటు తిరగేసి దులుపుతారు. అప్పట్లో తేలు కోసం, ఇప్పుడు తనకి తగిలినా తెలియని రాయి కోసం. పొద్దున్నే 40 నిమిషాలు నడుస్తారు, డాక్టరు చెప్పిన మెత్తటి బూట్లతో.

తాతయ్యకి మోకాళ్ళు అరిగాయి, పరుగు ఎప్పుడో మానేశారు, నడక మానలేదు. మెకానిక్ తాతకి ఇంజన్ల మోతతో చెవులు మందగించాయి. సైన్యం వాళ్ళకి బలమూ ఇచ్చింది, దెబ్బలూ ఇచ్చింది. చిన్నతాతయ్య కథ చెప్పేదేమిటంటే, 25 ఏళ్ళప్పటి బలం బ్యాంకులో వేసిన డబ్బు కాదు, దాచుకుని తర్వాత తీసుకోవడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమంటాయి. 65 దాటినవాళ్ళకి ఆ పైన, వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ కసరత్తులూ కలపమంటాయి. ప్రతి వారం లెక్క మళ్ళీ సున్నా నుంచే మొదలు.

మన సంగతి చూస్తే, నాలుగేళ్ళ బీటెక్‌లో మనం నేర్చుకునే పెద్ద అలవాటు కూర్చోవడమే. ఆ తర్వాత వచ్చే ఉద్యోగం కూడా చాలామందికి కుర్చీలోదే. చిన్నతాతయ్యకి బూగుల్ 40కి ఆగింది. మనకి అది స్కూల్లో పి.టి. పీరియడ్ ఎత్తేసిన రోజే ఆగిపోయింది.

ఈ వారం హోంవర్క్

ఒకటి, రోజూ కాలేజీకి మోసుకెళ్ళే బ్యాగుని తూకం వేయండి. మెస్సులో తూకం మిషను ఉంటుంది, అడిగితే ఇస్తారు. రెండు, మీ బరువు, బ్యాగు బరువు పై సూత్రంలో వేసి, బ్యాగు లేకుండా ఎంత, ఉంటే ఎంత అని తేడా తీయండి. మూడు, ఒంటి భుజానికి తగిలించే అలవాటుంటే రెండు పట్టీలూ వేసుకోండి, ల్యాప్‌టాప్ వీపువైపు పెట్టండి. నాలుగు, వారంలో ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాలు చురుగ్గా నడవండి. 150 అక్కడే అయిపోతుంది. ఐదు, సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళ అరికాళ్ళు ఒకసారి చూడండి. వాళ్ళంతట వాళ్ళు చూపించరు, మీరే అడగాలి.

లెక్కలో ఎక్కడైనా తేడా వస్తే క్లబ్బు గ్రూపులో పెట్టండి, కలిసి సరిచేద్దాం. అందరికంటే బరువైన బ్యాగు ఎవరిదో కూడా అక్కడే తేలిపోతుంది.