ఒకే మంచం దగ్గర ముగ్గురు

ప్రశ్న: మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు మా వార్డులో కలిసే తిరుగుతున్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. వీళ్లకు కలిపి నేర్పడం ఎలా?
– ఒక నర్సింగ్ ట్యూటర్

జవాబు: అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే సరిపోదండీ. ముగ్గురికీ కలిపి ఒక రోగిని అప్పగించండి. పక్షవాతం వచ్చిన పెద్దాయన అనుకుందాం. మింగగలరో లేదో తేలకుండా నోటికి మాత్ర ఇవ్వకూడదు. గుటక వేయలేకపోతున్నారని ముందు గమనించేది నర్సింగ్ విద్యార్థే కావచ్చు. ఆయన్ని ఎలా లేపాలో ఫిజియో విద్యార్థి చూపిస్తే మెడికో నేర్చుకోవాలి. ముగ్గురూ ఒకే ప్లాన్ రాసి మీకు చెప్పాలి. స్వీడన్‌లోని లింషోపింగ్‌లో విద్యార్థులు ఇలా కలిసి పనిచేసే శిక్షణ వార్డు 1996లోనే మొదలైంది. మీరు ఒక్క మంచంతో ప్రారంభించండి. అక్కడ మీరూ, డాక్టరుగారూ ఇద్దరూ ఉండాలి. నర్సింగ్ విద్యార్థిని మాట్లాడుతుంటే, చెప్పడం పూర్తయ్యేదాకా ఎవరినీ అడ్డురానివ్వకండి.