వెనుక వరుస నుండి గురుస్థానమునకు

ఆటలలో గోలు కొట్టినవాని పేరు ఆ సాయంకాలమే ఊరంతయు మారుమ్రోగును. గోలు పడకుండ కాచినవాని పేరు పలుకువారు తక్కువ. వంశధారకు వరద వచ్చినపుడు అందరును నీటినే చూతురు గాని గట్టును చూచువా రెవ్వరు? గట్టు తెగిన దినముననే అది యొకటి యుండెనని జ్ఞప్తికి వచ్చును. శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయ ద్వారములయందలి శిల్పములను చూచి మెచ్చుకొనువారు పెక్కండ్రు. ఆ భారమునంతటిని మోయుచున్న పునాదిరాళ్లను తలచువా రరుదు. అట్టి గట్టువంటి, పునాదిరాయివంటి ఆటగాని చరిత్రమును, ఆతడు పిమ్మట శిక్షకుడై తాను నేర్చినదానిని పదుగురికి పంచిన విధమును ఈ వ్యాసమున విద్యార్థులకు వివరింప దలచితిమి. ఆతడు హైదరాబాదు నగరవాసియైన సయ్యద్ నయీముద్దీన్.

బ్యాకు ఆటగాని పని

ఫుట్ బాలు ఆటలో గోలు కీపరుకు ముందు నిలిచి, ఎదిరిపక్షమువారిని అడ్డగించు ఆటగానిని బ్యాకు అందురు. మన యూళ్లలోని చెడుగుడు ఆటను తలచుకొన్నచో ఈ పని సులభముగ బోధపడును. కూత పెట్టి వచ్చినవాడు ఎవరిని తాకబోవునో, ఏ ప్రక్కకు మరలునో కనిపెట్టి, తొందరపడక, సమయము చూచి నలుగురును ఒక్కుమ్మడిగ పట్టుకొనవలెను. ఒక్కడు ముందుగ దుమికెనా, గొలుసు తెగి వచ్చినవాడు గీత దాటి పోవును. బ్యాకు పనియు నట్టిదే. బంతిని తన్నుట అతని పనిలో సగమే. నిలువవలసిన చోట నిలుచుట, ప్రక్కవానిని హెచ్చరించుట, ఎదిరి యేమి చేయబోవుచున్నాడో ముందుగ నూహించుట తక్కిన సగము.

ఈ స్థానమునకు నొక చరిత్రము కలదు. పూర్వము గోలు కీపరు గాక ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్ బ్యాకులు, అయిదుగురు ఫార్వర్డులు జట్టుగా నిలుచుచుండిరి. 1925 వ సంవత్సరమున ఆఫ్ సైడు నిబంధన మారినది. అంతకు ముందు, ఒకడు ముందున్న తనవానికి బంతిని తన్నునపుడు, ఆ ముందున్నవానికిని గోలు గీతకును నడుమ ఎదిరిపక్షమువారు ముగ్గురుండవలెను. ఆ యేట నుండి ఇద్దరున్న చాలు ననిరి. దానివలన గోలులు మిక్కిలిగ పడసాగెను. అందుచేత నడిమి హాఫ్ బ్యాకును వెనుకకు దింపి మూడవ బ్యాకును చేసిరి. 1950 ల దశకమున నలుగురు బ్యాకులు, ఇద్దరు నడిమివారు, నలుగురు ఫార్వర్డులు నిలుచు పద్ధతి వ్యాపించినది. దీనినే 4-2-4 అందురు. ఇట్లు వెనుక వరుస పెరిగిన కొలదియు, అందు నిలుచువానికి దేహబలముతోబాటు బుద్ధిబలమును కావలసివచ్చెను.

హైదరాబాదు సంప్రదాయము

నయీముద్దీన్ ఒంటరిగ మొలచిన చెట్టు కాదు. ఆయన పెరిగిన తోటను వేసిన తోటమాలి సయ్యద్ అబ్దుల్ రహీం. ఈయన 1909 వ సంవత్సరమున హైదరాబాదున జన్మించెను. వృత్తిచే బడిపంతులు, కావుననే అందరును రహీం సాహెబును గురువుగనే భావించిరి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదు సంవత్సరములు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిన భారత జట్టునకు స్వర్ణపతకము వచ్చినది.

అయితే గెలుపు లన్నియు నల్లేరుపై బండినడకలు కావు. 1952 లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలయందు మనవారు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడిరి. ఆనాడు మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించుట నియమమైనది. నాలుగేండ్లకు 1956 లో మెల్బోర్నునందు అదే గురువుక్రింద మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి, నాలుగవ స్థానము నొందెను. 1962 లో జకార్తాలో ఆసియా స్వర్ణము మరల లభించినది. ఆ పోటీలలో జర్నయిల్ సింగు అను బ్యాకునకు తలకు గాయమై కుట్లు పడెను. రహీం ఆయనను ఫార్వర్డుగ నిలిపెను. దక్షిణ కొరియాపై 2-1 గెలిచిన తుది యాటలో ఒక గోలు ఆ జర్నయిలే కొట్టెను. శిష్యుల బలాబలములు గురువునకు ఎంతగ తెలిసియుండవలెనో దీనివలన గ్రహింపవచ్చును. అప్పటికే క్యాన్సరు వ్యాధితో బాధపడుచున్న రహీం మరుసటి యేట, 1963 జూనులో కాలధర్మము నొందెను.

ఆటగాడుగ

నయీముద్దీన్ 1944 లో జన్మించెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో ఆడి, వెనుక వరుసయందు పేరు తెచ్చుకొని, పిమ్మట కలకత్తాకు పోయెను. ఆ కాలమున దేశమంతటికిని ఒక్కటియైన ఫుట్ బాలు లీగు లేదు. అది 1996 లో గాని రాలేదు. ఆటగాండ్రు పలువురు పోలీసు, రైల్వే వంటి శాఖలలో కొలువులు చేయుచు ఆడుచుండిరి. ఆటను నమ్ముకొని పేరు సంపాదింప దలచినవానికి కలకత్తాయే కాశీ. అచట ఈస్టు బెంగాలు, మోహను బగాను, మహమ్మడన్ స్పోర్టింగు అను మూడు గొప్ప క్లబ్బులు కలవు. నయీముద్దీన్ ఆ మూడింటి పక్షమునను ఆడెను. ఈస్టు బెంగాలు, మోహను బగాను ఎదురెదురుగ నిలిచిన దినమున ఆ నగరమే రెండుగ చీలును. అట్టి జనసమ్మర్దము నెదుట బ్యాకు చేసిన యొక్క పొరపాటు ఏండ్లకొలది చెప్పుకొనబడును. అచట నిలిచినవాడు ఎచటనైనను నిలువగలడు.

1970 డిసెంబరులో బ్యాంకాకునందు జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టునకు ఆయన నాయకుడు. సెమీ ఫైనలులో మనవారు బర్మా చేతిలో ఓడిరి. స్వర్ణమున కాశ పోయినది. అట్టి సమయమున జట్టు చెదరిపోవుట సహజము. కాని మూడవ స్థానమునకై జపానుతో జరిగిన ఆటలో మనవారు 1-0 తో గెలిచి కాంస్యపతకము తెచ్చిరి. ఆ జపాను 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో కాంస్యము గెలిచిన దేశము. ఒక్క గోలు కొట్టి, ఒక్కటియు ఈయక గెలిచిన ఆటలో వెనుక వరుస పా లెంతో పాఠకులే యూహింపవచ్చును.

శిక్షకుడుగ

కాళ్లలో వేగము తగ్గిన పిమ్మట పెక్కండ్రు ఆటకు దూరమగుదురు. నయీముద్దీన్ మైదానము విడువలేదు. తా నాడిన కలకత్తా క్లబ్బులకే శిక్షకుడయ్యెను. 1990 లో ఆయన చేతిక్రింద ఈస్టు బెంగాలు జట్టు డ్యూరాండు కప్పు, రోవర్సు కప్పు, ఐ. ఎఫ్. ఏ. షీల్డు మూడింటిని ఒకే యేట గెలిచెను. భారత జట్టునకును ఆయన శిక్షకుడుగ నుండెను. 1997 లో ఖాట్మండునందు దక్షిణాసియా దేశముల పోటీలలో మనవారు తుది యాటలో మాల్దీవులను 5-1 తోను, 2005 లో కరాచీనందు బంగ్లాదేశమును 2-0 తోను ఓడించినపుడు శిక్షకు డాయనయే. ఢాకా నగరములోని బ్రదర్సు యూనియను జట్టునకును శిక్షణ నిచ్చెను.

భారత ప్రభుత్వము ఉత్తమ క్రీడాకారులకు అర్జునుని పేరను, ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్యుని పేరను బహుమానముల నిచ్చుచున్నది. నయీముద్దీన్ 1980 లో మొదటిదానిని, 1990 లో రెండవదానిని పొందెను. భారతకథలో శిష్యుడు వేరు, గురువు వేరు. ఇచట ఒక్కనియందే ఇద్దరును కుదిరిరి.

వెనుక నిలిచినవాడు గురువగుట యెట్లు

ఇట్టి చరిత్రము మన దేశమునకే పరిమితము కాదు. కెనడాలో మంచుపై ఆడు హాకీ కలదు. అందు మాంట్రియల్ జట్టులో వెనుక వరుసవాడుగ ఆడి ఆరుమారులు స్టాన్లీ కప్పును గెలిచిన లారీ రాబిన్సన్, 2000 లో న్యూ జెర్సీ జట్టునకు శిక్షకుడై అదే కప్పును గెలిపించెను. దేశము వేరు, ఆట వేరు, మార్గ మొక్కటియే. దీనికి కారణము మాకు తోచినంతలో విన్నవింతుము.

ఫార్వర్డు ఎదిరి గోలును చూచును; తనవారు చాలవరకు ఆతని వీపు వెనుక నుందురు. బ్యాకునకు మైదానమంతయు కన్నుల యెదుటనే యుండును. ఎవడు అలసెనో, ఎవడు స్థానము తప్పెనో, ఎచట సందు పడెనో మొదట కనుగొనువాడు ఆతడే. కనుగొని యూరకుండరాదు, కేక వేసి చెప్పవలెను. ఇట్లు ఆడుచున్న దినములలోనే ఆతడు ఇతరులకు చెప్పుట అభ్యసించును. గురువు పనియు చూచుట, చెప్పుటయే గదా.

అయినను, బాగుగ ఆడినవా రెల్లరును బాగుగ నేర్పలేరు. తన కాలు తాను చెప్పినట్లు వినును. ఇతరుని కాలు అట్లు వినదు. అందుకు సహనము కావలెను, నియమమును కావలెను. నయీముద్దీన్ కఠిన క్రమశిక్షణకు పేరుపొందిన శిక్షకుడు. వేళకు వచ్చుట, దేహమును అదుపున నుంచుకొనుట, ఆహారమున మితము పాటించుట, వీనియం దాయన ఉపేక్ష వహించువాడు కాడు. కఠినుడైన గురువు శిష్యులకు ఆ దినమున ప్రియుడు కాకపోవచ్చును. కాని గురువు తాను పాటించిన నియమమునే శిష్యుల నడిగినపుడు, ఆ కాఠిన్యము విలువ వారికి కాలక్రమమున తెలియును.

మనకు మిగిలిన పని

ఇంత చెప్పియు ఒక సత్యమును దాచరాదు. 1970 లో బ్యాంకాకున వచ్చిన కాంస్యమే ఆసియా క్రీడల ఫుట్ బాలులో భారతమునకు దక్కిన కడపటి పతకము. తరువాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలయందును మరల రాలేదు. ఒక రహీం, ఒక నయీముద్దీన్ ఎంత గొప్పవారైనను, వారొక్కరే దేశమంతటి బిడ్డలకు నేర్పలేరు. ప్రతి గ్రామమునను, ప్రతి పాఠశాలయందును నేర్పువా రుండవలెను.

మన ప్రాంతమునకు ఈ మాట క్రొత్త కాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి లోకప్రసిద్ధుడగుటకు ముందు విజయనగరమున వ్యాయామ శిక్షకుడుగ నుండెను. ఆమదాలవలస చెంత ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యము గెలిచెను. ఒలింపిక్ పతకము నొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. ఆమెకు బాల్యమున బరువులెత్తుట నేర్పిన గురువు నీలంశెట్టి అప్పన్న. ఆమె పేరు లోకమంతయు నెరుగును. ఆయన పేరు కనీసము మన జిల్లావారైనను ఎరుగవలదా?

తల్లిదండ్రులకు మా విన్నప మొక్కటి. మీ బిడ్డ జట్టులో వెనుక నిలిచెనని చిన్నబుచ్చుకొనకుడు. గోలులెన్ని కొట్టితివని మాత్రమే కాక, ఎన్ని కాచితివని కూడ అడుగుడు. విద్యార్థులారా! మీకు తెలిసిన ఆటను మీకంటె చిన్నవాని కొక్కనికి నేర్పుడు. నేర్పుచున్నపుడే మీకు రానిదేదియో మీకు తెలియును.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. ఆఫ్ సైడు నిబంధన మారుటచే వెనుక వరుస యేల బలపడెను?

2. 1952 నాటి ఓటమి నుండి 1956 నాటి నాలుగవ స్థానము వరకు నడిచిన మార్గములో మీకు తోచిన పాఠమేమి?

3. చెడుగుడులో పట్టువారికిని, ఫుట్ బాలులో బ్యాకులకును గల పోలికలను మూడింటిని వ్రాయుడు.

4. మీ యూరిలో ఆటగాని నొకనిని తీర్చిన గురు వెవరు? ఆయనను కలిసి, ఎట్లు నేర్పెనో యడిగి వ్రాసికొనుడు.