ఇన్సులిన్‌తో బ్యాక్టీరియా ఒంట్లోకి వస్తుందా?

ప్రశ్న: షుగర్‌కు డాక్టరు ఇన్సులిన్ రాశారు. దాన్ని బ్యాక్టీరియాతో తయారుచేస్తారట. ఆ క్రిముల జన్యువులు నాలో చేరవా? మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: దయచేసి మానకండి. మీ మందులో బ్యాక్టీరియా ఉండదు, అది తయారుచేసిన ప్రోటీనే ఉంటుంది. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాలుంటాయి. వాటిని ఒకదానికొకటి అందించుకోవడం ప్రకృతిలో మామూలే. శాస్త్రవేత్తలు అలాంటి వలయాన్ని ఎంజైముతో కత్తిరించి, మనిషి ఇన్సులిన్‌కు సరిపడే జన్యువును అతికించి ఈ.కోలై అనే బ్యాక్టీరియాలోకి పంపారు. 1978లో అది ఫలించింది, 1982లో అమెరికా మందుగా అనుమతించింది. అంతకుముందు పందుల, పశువుల క్లోమమే ఆధారం. వాటితో అలర్జీల బెడద ఎక్కువ. ఇప్పుడు కొన్ని రకాలను ఈస్టుతోనూ చేస్తున్నారు.

శుద్ధిచేశాక కూడా కాస్త డీఎన్ఏ మిగిలితే అన్న సందేహం సబబైనదే. అందుకే కణాలను పగలగొట్టి, ప్రోటీన్‌ను పలు దశల్లో వేరుచేసి, మిగులు డీఎన్ఏను పరీక్షించాకే సీసాల్లో నింపుతారు. లేశం మిగిలినా రక్తంలోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. మందు మానితే మాత్రం ప్రాణాపాయం నిజం. తెరవని సీసాను 2-8 డిగ్రీల మధ్య ఉంచండి, గడ్డకట్టనివ్వకండి. సూది వేసే చోటు మారుస్తుండండి. రక్తంలో చక్కెర బాగా పడిపోయి వణుకు, చెమటలు వస్తే వెంటనే చక్కెర తీసుకోండి. తగ్గకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.