లాక్టోమీటరుకు ముందు థర్మామీటరు

పాలు వేడిగా ఉంటే వ్యాకోచించి, సాంద్రత తగ్గుతుంది. అందులో లాక్టోమీటరు లోతుగా మునిగి, తక్కువ రీడింగు చూపుతుంది. అప్పుడే పితికిన మంచి పాలు కూడా నీళ్లు కలిపినట్లు కనిపించడానికి ఇదొక కారణం.

ఉదాహరణకు, 27 డిగ్రీల సెంటీగ్రేడుకు తయారైన లాక్టోమీటరు 35 డిగ్రీల పాలలో 26 చూపిందనుకుందాం. ఒక్కొక్క డిగ్రీ హెచ్చుకు సుమారు 0.2 చొప్పున, 8 డిగ్రీలకు 1.6 కలపాలి. సరిచేసిన రీడింగు 27.6. వెన్నేతర ఘనపదార్థాల లెక్కలో రీడింగును 4తో భాగిస్తాం గనుక, ఈ సవరణ మరిస్తే 0.4 శాతం తక్కువ పడుతుంది. రైతుకు ధర తగ్గుతుంది. కలపని నీళ్లకు నింద కూడా వస్తుంది.

చల్లని పాలకు ఇది తారుమారు. 22 డిగ్రీల వద్ద రీడింగు నుండి 1 తీసివేయాలి. లేకుంటే నీళ్ల పాలు మంచి పాలుగా చెల్లిపోయి, నష్టం సంఘంపై పడుతుంది.

కార్యకర్తలు గమనించవలసినవి:

1. నురుగు తగ్గాక, పాలు బాగా కలిపి చూడాలి.
2. లాక్టోమీటరుపై ముద్రించిన ఉష్ణోగ్రతనే ఆధారంగా తీసుకోవాలి.
3. రీడింగు, ఉష్ణోగ్రత రెండూ రిజిస్టరులో రాయాలి.

సభ్యులు ఆ రెండు అంకెలనూ అడిగి చూసుకోవాలి.