పెరటి కోళ్ళు - ఊరి ఆరోగ్యము

విశాఖపట్టణమనగానే నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును మనకు స్ఫురించును. 1933లో ప్రారంభమైన రేవు, 1992లో జాతికి అంకితమైన కర్మాగారము ఈ సీమ రూపురేఖలను మార్చివేసినవి. అయినను ఆనందపురము, పద్మనాభము మండలముల పల్లెలలోను, పట్టణపు అంచులనున్న కూలిజనుల వాడలలోను నేటికిని పెరటి పుంజు కూతతోనే దినము మొదలగుచున్నది. నాలుగు పెట్టలున్న ఇల్లాలికి అవియే చేతి పొదుపు. పిల్లవానికి పుస్తకములు కావలసినను, చుట్టము వచ్చినను, ఇంట జ్వరము తగిలి మందులకు రొక్కము లేకున్నను ఆమె చేయి మొదట కోళ్ళగంప మీదికే పోవును. ఒక్కొక్క గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుండును. ఎదిగెడి బిడ్డకు, బాలింతకు ఇంతకంటె సులభముగా దొరకు బలవర్ధకాహారము అరుదు.

ఇట్టి సంపద ఒక్క వారములో తుడిచిపెట్టుకొని పోవుటయు మన పల్లెలలో తెలిసిన సంగతియే. అప్పుడు ఇరుగుపొరుగువారు పంచాయతి సభ్యుని వద్దకు వచ్చి, "పక్కింటి కోళ్ళు చచ్చుచున్నవి, మా బిడ్డకేమైన సోకునా?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు భయము లేకుండ, నిర్లక్ష్యమును లేకుండ బదులు చెప్పగలుగుటకు సభ్యులు తెలిసికొనవలసిన విషయములను ఇచట వివరించుచున్నాము.

కొక్కెర తెగులు

పెరటి కోళ్ళను మిక్కిలిగా హతమార్చునది కొక్కెర తెగులు. మన దేశమున 1927-28 ప్రాంతమున కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద దీనిని గుర్తించుటచే రాణీఖేత్ వ్యాధి అనియు పేరు వచ్చినది. కోడి నోరు తెరచి ఆయాసపడును; ఆకుపచ్చగా విరేచనమగును; రెక్కలు వ్రాలును; మెడ వంకర తిరుగును. ఇది మనుష్యులకు ప్రాణాపాయము కలిగించునది కాదు. రోగపు కోళ్ళను ముట్టినవారికి ఒక్కొక్కప్పుడు కన్నులు ఎఱ్ఱబడి, కొలది దినములలో తగ్గిపోవును.

తెగులు వచ్చిన పిమ్మట దీనికి మందు లేదు. టీకా ఒక్కటే రక్ష. వారము వయసు పిల్లలకు కంటిలోనో ముక్కులోనో చుక్క వేయుదురు. ఎనిమిది వారములు నిండిన పిదప రెక్క క్రింది చర్మములోనికి సూది వేయుదురు. ఆపై ఎప్పుడెప్పుడు వేయవలెనో పశువైద్యుడు చెప్పును.

టీకా యున్నను మన కోళ్ళేల చచ్చుచున్నవి? కారణము మందు కొరత మాత్రమే కాదు. ఈ మందు సాధారణముగా 100 కోళ్ళకు సరిపడు సీసాలలో వచ్చును. దానిని చల్లదనమున భద్రపరుపవలెను. కలిపిన పిదప రెండు గంటలలోపుగా వాడివేయవలెను. ఆరు కోళ్ళున్న గృహిణి తన కొరకు ఒక సీసా విప్పించుట యెట్లు? విప్పించినను, టీకా లేని పొరుగింటి కోళ్ళు అదే దిబ్బపై మేయుచుండును. కావున ఇది ఒక్క ఇంటివలన కాని పని. ఊరంతయు కలిసి చేయవలసినది. ఇట్టి పనుల కొరకే పంచాయతులున్నవి.

పక్షి జ్వరము

దీని తీరు వేరు. మన దేశమున ఇది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతమున బయటపడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ళశాలలకు సోకినది. అదే సంవత్సరము మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో మరణించుట యావద్రాష్ట్రమును కలతపెట్టెను. మనుష్యులకు ఇది సోకుట మిక్కిలి అరుదు. సోకినచో మాత్రము ప్రమాదకరము. బాగుగా ఉడికిన మాంసము, గ్రుడ్డు తినుటవలన ఇది రాదు. 70 డిగ్రీల వేడికి వ్యాధిక్రిమి నశించును. అపాయమంతయు రోగపు కోడిని కోయుటలో, ఈకలు పెరుకుటలో, పచ్చిమాంసము పిల్లల చేతికందుటలో ఉన్నది.

కోళ్ళు హఠాత్తుగా గుంపులుగా చచ్చినను, జుట్టు నీలివర్ణమై ముఖము వాచినను వెంటనే పశువైద్యశాలకు గాని, 1962 నంబరునకు గాని తెలుపవలెను. నమూనాలను భోపాలు ప్రయోగశాలకు పంపి నిర్ధారింతురు. వ్యాధి నిజమైనచో దాని చుట్టు ఒక కిలోమీటరు మేర కోళ్ళను తొలగింతురు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుదురు. తొలగించిన కోళ్ళకు ప్రభుత్వము పరిహారమిచ్చును. అంతకు ముందే చచ్చినవానికి ఈయదు. కావున దాచిపెట్టిన కొలది యజమానికే నష్టము. "చెప్పినచో కోళ్ళు పోవును" అను భయముతో రోగపు కోడిని చవుకగా అమ్మివేయు అలవాటు ఊరూర తెగులును పంచిపెట్టుచున్నది. ముందుగా తెలిపిన కుటుంబమును నిందింపక, ఆ కుటుంబము ఊరికి మేలు చేసినదని పదుగురిలో చెప్పుట సభ్యుల విధి.

ఇంటింట పాటింపవలసినవి

కోళ్ళగూడు పడకగదికి, వంటయింటికి, నూతికి దూరముగా, నేలకు ఎత్తుగా ఉండవలెను. గూడు ఊడ్చిన పిదప, గ్రుడ్లు తీసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కోడిపిల్లలను ముద్దాడు అలవాటు పిల్లలచే మాన్పింపవలెను. రెట్టలోని క్రిములవలన వాంతులు, విరేచనములు కలుగును. రెట్టను ఎరువుగుంటలో వేసి మాగనిచ్చినచో కూరపాదులకు మంచి బలము. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారములు వేరుగా ఉంచి, పిదప మందలో కలుపవలెను. చచ్చిన కోడిని గెడ్డలోనో చెఱువులోనో పారవేయరాదు. చేతికి తొడుగు వేసికొని, నడుములోతు గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

మరియొక ముఖ్యవిషయము. చచ్చిన కోళ్ళను ముట్టిన పది దినములలో ఎవరికైన జ్వరము, దగ్గు, ఆయాసము వచ్చినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పోయి, కోళ్ళ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. మనము చెప్పనిదే ఆయనకు తెలియదు. సాధారణ జ్వరమని మందు ఇచ్చి పంపుటకు, సకాలమున పరీక్ష చేయించుటకు మధ్య ఆ ఒక్క మాటయే తేడా.

పంచాయతి చేయదగినది

వచ్చు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని కోరుచున్నాము. మొదట ఏ ఇంట ఎన్ని కోళ్ళున్నవో వార్డు సభ్యులు లెక్క వ్రాయవలెను. ఆ లెక్కను బట్టి ఎన్ని సీసాలు కావలెనో పశుసంవర్ధక సహాయకునకు తెలిపి, ఒక దినము నిర్ణయింపవలెను. సంక్రాంతికి కోళ్ళు ఊరినుండి ఊరికి విస్తారముగా పోవును గనుక, టీకా పట్టుటకు కావలసిన రెండు వారములు చేతిలో ఉండునట్లు డిసెంబరులోనే ఈ పని ముగించుట మేలు. ముందునాటి సాయంకాలము దండోరా వేయించి, కోళ్ళను గూటి నుండి వదలవద్దని చెప్పవలెను. తెల్లవారుజామున, ఎండ ముదురకముందే, మంచుపెట్టెతో వాడవాడకు పోయినచో ఒక్కొక్క సీసా వృథా కాకుండ ముగియును. రోగముతో నున్న కోడికి మాత్రము టీకా వేయింపరాదు.

స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఈ పనికి ముందునిలువదగినవారు. కోళ్ళు వారివి, నష్టమును వారిదే. లెక్కపుస్తకము వారి చేతికే ఇచ్చి, టీకా దినమును వారిచేతనే నిర్ణయింపజేయుడు.