దీపాలు చూడటానికి సైకిల్ మీద: చూడటం వేరు, కనిపించడం వేరు



దీపావళి సాయంత్రం గడపలో దీపాలు పెట్టగానే పిల్లల చూపు సైకిళ్ల మీదికి పోతుంది. నలుగురైదుగురు కలిసి వీధులు తిరుగుతూ ఎవరింటి సీరియల్ లైట్లు ఎలా ఉన్నాయో చూసి రావడం వాళ్లకు పెద్ద సరదా. ఆ సరదాను ఆపవద్దు. ఈ నెల దాన్నే ఇంటి పాఠంగా చేసుకుందాం. 8వ తరగతి పిల్లలు చదివే కాంతి పరావర్తనం, 9వ తరగతి పిల్లలు చేసే వేగం లెక్కలు రెండూ ఇందులో ఉన్నాయి.

వెన్నెల లేని రాత్రి

దసరా సాయంత్రం ఆకాశంలో సగానికి మించిన చంద్రుడు ఉంటాడు. దీపావళి అమావాస్య కాబట్టి ఆ రాత్రి వెన్నెల ఉండదు. తల్లాడ సెంటర్‌లో వెలుగు ఉన్నా, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఊరు దాటితే చీకటే. ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు మీద రాత్రి కూడా లారీలు నడుస్తాయి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. దానికి సోలార్ పైకప్పు, రాత్రి దీపాలు ఉన్నాయి. మన దగ్గర సైకిలూ లారీ ఒకే రోడ్డు మీద పోవాలి.

పైగా, మెరిసే లైట్లు చూసి వెంటనే చీకటి దారిలోకి వస్తే కళ్లు సరిగా ఆనవు. ఆట మొదలయ్యాక సినిమా హాల్లోకి వెళ్తే సీటు కనిపించదు కదా, అలాగే. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే వెళ్లేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

లెక్క కట్టించండి

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 16.7 మీటర్లు ముందుకు వస్తుంది. డ్రైవర్ చూసి బ్రేక్ నొక్కడానికి 1.5 సెకన్లు పడితే ఆలోపే 25 మీటర్లు దాటిపోతుంది. మంచి రోడ్డు మీద బ్రేక్ పడ్డాక ఆగడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. లోడు లారీకి ఇంకా ఎక్కువే. నలుపు, నీలం చొక్కా వేసుకున్న పిల్లవాడు డిమ్ లైటులో అంత దూరం నుంచి కనిపించకపోవచ్చు. లారీ లైటు పిల్లవాడికి ఎప్పుడో కనిపించి ఉంటుంది. నాకు లారీ కనిపిస్తోంది కాబట్టి లారీవాళ్లకూ నేను కనిపిస్తున్నాను అనుకుంటాడు. ప్రమాదమంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

‘రేడియం’ స్టిక్కర్‌లో రేడియం లేదు

1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ కనిపెట్టిన రేడియం కలిపిన రంగును ఒకప్పుడు గడియారాల ముళ్లకు పూసేవారు. అది చీకట్లో దానంతటదే మెరిసేది. మనం సైకిల్‌కు అంటించే స్టిక్కర్‌కు సొంత వెలుగు లేదు. అందులోని సన్నని గాజు పూసలో, మూలల్లాంటి పట్టకాలో తమ మీద పడిన కాంతిని వచ్చిన వైపే తిప్పి పంపుతాయి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుని మీద పెట్టి వచ్చిన 100 పట్టకాల పలక కూడా ఇదే సూత్రంతో భూమి నుంచి వెళ్లిన లేజర్‌ను తిప్పి పంపుతుంది.

ఇంట్లో చేసి చూడండి: గదిలో లైటు ఆర్పి, గోడకు స్టిక్కర్ అంటించి పది అడుగుల దూరంలో నిలబడండి. ఫోన్ టార్చ్‌ను కంటి పక్కన పెట్టి చూస్తే స్టిక్కర్ ధగధగ మెరుస్తుంది. టార్చ్‌ను చేయి చాపినంత పక్కకు జరిపితే మెరుపు తగ్గిపోతుంది. హెడ్‌లైటు వెనక ఉన్న డ్రైవర్‌కు స్టిక్కర్ బాగా కనిపించేది ఇందుకే. హెడ్‌లైటు లేని ఎదుటి సైకిల్‌కు, నడిచి వచ్చేవారికి అది కనిపించదు. కాబట్టి స్టిక్కర్ ఉన్నా లైటు తప్పదు.

బయలుదేరే ముందు

• ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. చక్రాలకు, పెడళ్లకు రిఫ్లెక్టర్లు.
• లేత రంగు నూలు బట్టలు, హెల్మెట్. చున్నీ, ప్యాంటు అంచు చైనులో పడకుండా కట్టుకోవాలి.
• ఒకరి వెనక ఒకరు. మొదట ఒక పెద్దవారు, చివర ఒక పెద్దవారు.
• లైట్లు చూడాలంటే రోడ్డు దిగి, సైకిల్ ఆపి చూడాలి. తొక్కుతూ చూడకూడదు.
• మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే దిగి, అందరూ కలిసి నడిపించుకుంటూ దాటాలి.
• దీపావళి బాణసంచాకు రాత్రి 8 నుంచి 10 వరకు సమయమని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 8 లోపే ఇల్లు చేరండి. టపాసులు కాలుస్తున్న వీధిలోకి సైకిల్ తీసుకెళ్లవద్దు.

ఈ ఆదివారం మీ వీధిలో పిల్లలతో 53 మీటర్లు కొలిపించండి. పెద్దవారి అడుగుల్లో దాదాపు 70. ఆ చివర మీరు నిలబడి, ఈ చివర వారిని నిలబెట్టండి. చీకటి పడ్డాక ఒకసారి లైటుతో, ఒకసారి లైటు లేకుండా ఒకరినొకరు చూసుకోండి. ఆ తర్వాత సైకిల్‌కు లైటు ఎందుకని మీ పిల్లలు అడగరు.